జానెడు పడుగు

ఒక సంచి చాలక అనసూయమ్మ రెండు సంచులు సర్దుతోంది. ఒకటి మనవరాలు సాయిసుధది, రెండోది మంజుది. రెండింట్లోనూ ఒకే కొలత స్టీలు డబ్బా, దాని నిండా బెల్లంతో చుట్టిన చెనిక్కాయ ఉంటలు, మీద మడిచిన తువాలు, జడలకు ఎర్ర రిబ్బన్లు. మంజు ధర్మవరంలోని ఈ ఇంటికి ఎన్నడూ వచ్చింది లేదు. అయినా ఆ పిల్ల సంచి దగ్గరే అవ్వకు ఎక్కువ సేపు పట్టింది. డబ్బా మూత సరిగ్గా పడిందో లేదోనని తీసి చూసేది, మూసేది, మళ్ళీ తీసేది.

"అవ్వా, మంజు రాకుంటే నేనూ బడికి పోను," అంది సుధ, మగ్గం గుంతలోకి కాళ్ళు వేలాడేసుకుని.

"వస్తాదిలే."

"రాకుంటే?"

"ఇదో, ఈ ఉంట నోట్లో పెట్టుకో. అట్లన్నా కాసేపు నోరు మూస్తావు."

సుధ ఉంట తీసుకుంది గానీ నవ్వలేదు. దసరా సెలవులు ఆ రోజుతో ఆఖరు. సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చినప్పటినుంచీ పిల్లది ఇదే మాట. తెల్లవారితే సోమవారం, హిందూపురంలో బడి తెరుస్తారు.

సంచి సర్దడమంటే అనసూయమ్మకు భయం. పెండ్లై షోలాపూర్ పోయిన అక్కకు ఆమే సంచి సర్దింది. రైలు కదిలినప్పుడు అక్క ఊపిన చెయ్యే ఆఖరు చూపు. భర్త గంగాధరప్పను బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోయేటప్పుడూ ఆమే సర్దింది. పంచెలు పెట్టిన మడత పెట్టినట్టే ఉండగా ఆ సంచి తిరిగొచ్చింది, మనిషి రాలేదు. అప్పటినుంచీ తాను సర్దిన సంచుల మీద ఆమెకు నమ్మకం పోయింది. ఈసారి రెండో సంచి సర్దడంలో ఉన్న ధైర్యం ఒక్కటే. ఇది పోయేవాళ్ళకు కాదు, తిరిగొచ్చే పిల్లకు.

కొడుకు శివకృష్ణ మగ్గం మీద ఇల్లు గడవక, పెండ్లాం నాగజ్యోతితో హిందూపురం పోయి ఫ్యాక్టరీలో చేరాడు. వాళ్ళు అద్దెకున్న వీధిలోనే ఒక ప్రైవేటు ఇంగ్లీషు బడి. అట్లాంటి బళ్ళలో పేదపిల్లలకు కొన్ని సీట్లు ఫీజు లేకుండా ఇవ్వాలని చట్టం ఉంది గదా, లాటరీలో సుధకు ఒకటో తరగతి సీటు వచ్చింది. ఎదురింటి మంజుకూ వచ్చింది. మంజు నాయన రంగప్ప పట్టుగూళ్ళ మార్కెట్టులో హమాలీ. జూన్‌లో ఇద్దరూ చేతులు పట్టుకుని కొత్త బూట్లతో బడికి పోయారు.

బడివాళ్ళు ఫ్రీసీటు పిల్లలను కింది అంతస్తు తరగతి గదిలో కూర్చోనివ్వలేదు. మిద్దె మీద రేకుల గదిలో వేరుగా కూర్చోబెట్టారు. వాళ్ళకు వేరే టీచరు, నీళ్ళకు వేరే కుళాయి. కింది పిల్లలందరూ గేటు దాటాక గానీ వీళ్ళు మెట్లు దిగకూడదు. ఆగస్టు పదిహేనున కింది పిల్లల చేత డ్యాన్సు వేయించారు. మెట్ల మీద నిలబడి చూసి చూసి మంజుకు ఆ డ్యాన్సు మొత్తం వచ్చేసింది. పాట మొదలు కాగానే పరుగెత్తుకుంటూ పోయి వరుస చివర నిలబడి తానూ వేసింది. ఒక టీచరు వచ్చి రెక్క పట్టుకుని పక్కకు లాగేసింది. జనంలో రంగప్ప ఉన్నాడు. మరుసటి రోజే బిడ్డకు టీసీ తీసుకుని, పెనుకొండలో తన తల్లి దగ్గర వదిలి, అక్కడి సర్కారు బళ్ళో చేర్చాడు.

అంతటితో ఊరుకోలేదు. శివకృష్ణనూ ఇంకొందరు తల్లిదండ్రులనూ కలుపుకొని కోర్టుకు పోయాడు. సెలవులకు ముందు తీర్పు వచ్చింది. పిల్లలను వేరుచేయకూడదు, అందరినీ ఒకే గదిలో, ఒకే బెంచీల మీద కలిపి కూర్చోబెట్టాలని. ఆ వార్తను అనసూయమ్మ తానే చదువుకుంది. బడి మొహం చూసిన మనిషి కాదు. చీర మడతల్లో పెట్టే పాత పేపర్లు చూసి చూసి అక్షరాలు కూడబలుక్కుంది. అచ్చులో ఉన్నదేదైనా చదువుతుంది, చేతిరాత మాత్రం ఈరోజుకీ రాదు.

తీర్పు చదివాక ఆమెకు తన పనే గుర్తొచ్చింది. ఆమెది అచ్చు అతికే పని, మగ్గం మీది నిలువు పోగుల పడుగును అతకడం. ధర్మవరంలో మగ్గం మీద ఒక పడుగు నేత ముగిసిందంటే దాన్ని పూర్తిగా తీసేయరు. చివర జానెడు మగ్గానికే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, దాని పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. జానెడు మిగిలి ఉన్నంతవరకు ఏ మగ్గమైనా మళ్ళీ ఆడుతుంది. ఒక్క పోగు అతకడం మరిచిపోతే మాత్రం ఆ చోటు చీర పొడుగునా గీతలా కనపడుతుంది. మంజు సీటూ అట్లాగే ఉంటుందని ఆమె అనుకుంది. పిల్ల పేరు బళ్ళో ఎక్కడో ఒకచోట జానెడు మిగిలే ఉంటుంది, కోర్టు అతకమన్నాక అతకరా?

అందుకే అవ్వా మనవరాలూ ప్యాసింజరు రైలులో నేరుగా హిందూపురం పోకుండా దారిలో పెనుకొండలో దిగేశారు. స్టేషను నుంచి ఊళ్ళోకి ఆటోలో పోతున్నంతసేపూ సుధ రెండో సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది.

కొండ కింది వీధిలో రంగప్ప తల్లి, పేరు చిన్నమ్మ, వాకిట్లో బొరుగులు చెరుగుతోంది. సుధను చూడగానే ఇంట్లోంచి మంజు ఉరికొచ్చింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకరి జడ ఒకరు పట్టుకుని లాగారు, అంతే, అటే ఇంటి వెనక్కి పరుగెత్తారు.

ఆదివారం కాబట్టి రంగప్ప కూడా ఉన్నాడు. మంచం వాల్చాడు. "కూచో పెద్దమ్మా. యాడినుంచి రావడం?"

"ధర్మవరం నుంచే నాయనా. పిల్లను బడికి తోడుకోని పోతాండా. మంజును కూడా పంపిస్తే ఇద్దర్నీ తీసుకపోతా. సంచి కూడా సర్దుకోనొచ్చినా."

రంగప్ప ఆ సంచి వైపు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. "మా పాప ఇంక ఆ బడికి పోదు."

"కోర్టు చెప్పింది కదప్పా, కలిపి కూచోబెట్టమని."

"కూచోబెట్టమనింది. పక్కనున్న పిల్లోడు డబ్బా తెరిచి మా పాప ముందర పెట్టాలని కోర్టు చెప్పగలదా పెద్దమ్మా?"

అనసూయమ్మ ఆ సంచిని మంచం మీద నిలబెట్టింది. చిన్నమ్మ అప్పటికే లోపలికి పోయి బొరుగులతో ఉగ్గాని చేసింది. ప్లేటు పట్టుకుని గడపలోనే నిలబడింది. "మా ఇంట్లో తింటావా అక్కా?" అంది, గొంతు తగ్గించి.

"ఆకలైతాంది. అడిగేదేముండాది, పెట్టు. కారం ఏసినావా, హిందూపురమోళ్ళ మాదిరి చప్పగా చేసినావా?"

"తిని చెప్పు. కండ్లలో నీళ్ళు రాకుంటే నా పేరు మార్చుకుంటా."

రెండు ముద్దలకే కండ్లలో నీళ్ళు వచ్చాయి. చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. అనసూయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ పెట్టించుకుంది. తింటూనే రంగప్పకు అచ్చు అతికే సంగతి చెప్పింది. జానెడు ఉంటే చాలంది. పంతానికి పోవద్దంది. రేపు పిల్ల పెద్దదై అడుగుతుందని కూడా అంది. రంగప్ప చాలాసేపు విన్నాడు.

"పంతం కాదు పెద్దమ్మా," అన్నాడు చివరికి. "తీర్పు వచ్చిన మర్నాడే పోయినా. ఈ పాప డ్యాన్సు ఎగిరితేనే కదా కేసు పుట్టింది, ఈ పాపకే లేదంటారా అనుకున్నా. బడి ఆఫీసులో కంప్యూటర్ చూపించినారు. ఉన్న పిల్లలకే తీర్పంట. టీసీ తీసుకున్న పిల్లకు సీటు పోయినట్టే. లాటరీ ఒకటో తరగతికి ఒక్కసారే, రెండోసారి లేదంట. బతిమాలినా. కంప్యూటర్ ముందున్న ఆయమ్మ కూడా బాధపడింది పాపం. నువ్వు చెప్పిన జానెడు ఉన్నింది. ఆ పొద్దు కోపంలో నేనే కోసేసినా."

అనసూయమ్మ చేతిలోని ప్లేటు కింద పెట్టింది. మంచం మీద మంజు సంచి నిటారుగా నిలబడి ఉంది. అంత దూరం నుంచి మోసుకొచ్చింది తనకు తెలిసిన పనిని నమ్ముకుని. ఆఫీసు కంప్యూటర్లో జానెడు మిగల్చరని ఆమెకెవరు చెప్పారు? ఇప్పుడు ఇంటి వెనకున్న పిల్లకు ఏం చెప్పాలి? మంజు రాదని తెలిస్తే సుధ కదలదు. ఒక పోగు తెగిన చోట రెండో పోగు కూడా జారిపోతుంది.

చెప్పాల్సిన పని పడలేదు. ఇంటి వెనకనుంచి పిల్లల గొంతులు వినపడుతున్నాయి.

"నువ్వు రాకుంటే నేనూ రాను. ఈడే ఉంటా."

"ఈడ యాడ పండుకుంటావ్? మా అవ్వ గురక పెడతాది."

"మా అవ్వ కూడా పెడతాది."

"సూడు సుధా, నేను కింది గది చూడలేదు. మెట్ల మీదనుంచి తలుపే కనపడేది. నువ్వు పోయి చూసి నాకు చెప్పల్ల. ఫ్యాన్లు ఉండాయా, కిటికీలోనుంచి ఏం కనపడతాది, గోడలకు బొమ్మలు ఉండాయంట కదా, ఏం బొమ్మలు? అన్నీ. మరిచిపోతే కొడతా."



"చూసి వచ్చి చెప్తా," అంది సుధ. "నీ జాగా పట్టి పెడతా."

"పట్టు. కిటికీ పక్కన పట్టు."

వాకిట్లో పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. చిన్నమ్మ చేట తీసుకుని చెరిగిన బొరుగులనే మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

బయలుదేరేటప్పుడు అనసూయమ్మ రెండో సంచి మంజుకే ఇచ్చింది. మంజు అక్కడే డబ్బా తెరిచి, ఉంట ఒకటి నోట్లో పెట్టుకుని, రిబ్బన్లు మెళ్ళో వేసుకుంది. బస్సు దాకా వచ్చింది. బస్సు కదిలితే చెయ్యి ఊపింది. అనసూయమ్మ కూడా ఊపాలనుకుంది గానీ చెయ్యి లేవలేదు. ఊపిన చేతులు ఆమెకు బాగా గుర్తు.

సోమవారం పొద్దున హిందూపురంలో నాగజ్యోతి డ్యూటీకి పోయింది, సుధను బడికి అవ్వే తీసుకుపోయింది. సుధ మెట్ల వైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చి, వెనక్కి తిరిగి కింది గదిలోకి పోయింది. గేటు పక్కనే ఆ గది కిటికీ. అనసూయమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

సుధ కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. పక్క చోట్లో సంచి పెట్టింది. ఒక పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. షర్టు మీద లోకేష్ అని పేరు ఉంది.

"సంచి తియ్, నేను కూచోవల్ల."

"అది మంజు జాగా."

"మంజు యాడుంది?"

"పెనుకొండలో."

"పెనుకొండలో ఉంటే ఈడెట్ల కూచుంటాది?"

సుధ ఆలోచించింది. సంచి తీయలేదు గానీ తన వైపుకు కొంచెం జరుపుకుంది. లోకేష్ బెంచీ అంచున సర్దుకున్నాడు, సగం బయటికే ఉన్నాడు.

"మీరు పైన ఉన్నోళ్ళు కదా? మమ్మల్ని పైకి పోనీరు. పైన ఏముండాది?"

"రేకులు. వాన పడితే దబదబా అంటాయి. టీచరు ఏం చెప్పేదీ వినపడదు."

"అబ్బ, భలే ఉంటాది!" అన్నాడు లోకేష్, నిజంగానే కుళ్ళుకుంటూ.

సుధ డబ్బా మూత తీసింది. ఒక ఉంట వాడికి, ఒక ఉంట తనకు తీసి, మూడోది లోపలే ఉంచి మూత పెట్టింది. వాడు అటూ ఇటూ చూడకుండా నోట్లో వేసుకున్నాడు. అనసూయమ్మకు రంగప్ప మాట గుర్తొచ్చింది. పరుగెత్తుకుంటూ పోయి చెప్పాలనిపించింది. ఎవరు డబ్బా తెరిచారో కూడా చెప్పాలి గదా అనుకుని ఆగిపోయింది.

"ఏమవ్వా, ఇంక ఇంటికి పోవా?" అన్నాడు వాచ్‌మన్ ఆదెప్ప.

"పోతా నాయనా. పంకాలు ఎన్నుండాయో చూసుకోని పోతా. ఒకరు అడిగినారు."

సుధ ఇప్పుడు నాలుగో తరగతి. సెలవుల్లో ధర్మవరం పోతూ అవ్వా మనవరాలూ పెనుకొండలో దిగుతారు. పిల్లలిద్దరూ ఇంటి వెనక కూర్చుని ఏవేవో చెప్పుకుంటారు. సుధ ఇంగ్లీషు పుస్తకం గడగడా చదువుతుంటే మంజు వేలు పెట్టి వెంట వెంట వస్తుంది, అక్కడక్కడా ఆగిపోతుంది. అక్కడ సుధ కూడా ఆగుతుంది. హిందూపురం బడిలో రేకుల గది ఇప్పుడు సామాన్ల గది అయింది.

మంజు ఆ బడి నుంచి ఆగస్టు పదహారున పోయింది. తీర్పు అక్టోబరులో వచ్చింది. మంజు మళ్ళీ రాలేదు.