ఒంటిచేతి యంత్రం

ఓడలోని ఆ చిన్న గదికి కిటికీ లేదు. తెర ముందు మరిది, అతని భుజం వెనకాలే వదిన. కింద, మనిషి దిగలేని లోతులో, అతను నడుపుతున్న యంత్రం దీపాలు వేసుకుని సముద్రపు నేల మీద తచ్చాడుతోంది. దానికీ ఓడకీ మధ్య ఉన్నది ఒక్క కేబులు.

వెతుకుతున్న పెట్టె కనబడింది. నీటి వేడినీ ప్రవాహాన్నీ ఏడాదిగా నమోదు చేస్తున్న పెట్టె. కిందటేడు దాన్ని అక్కడ దించినవాడు అన్న. తిరిగి తీసేలోగా గుండె ఆగి పోయాడు. అతని పరిశోధన ఇప్పుడు వదిన చేతిలో ఉంది.

"ఏ పక్కనో ఆయన రాత ఉండాలి. చుట్టూ చూపించవూ?" అంది వదిన.

యంత్రం పెట్టె చుట్టూ తిరిగింది. ఎర్ర రంగుతో వంకర అక్షరాలు: 'జాగ్రత్తగా ఎత్తండి'. వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యంత్రం ఎన్ని చుట్లు తిరిగితే కేబులుకి అన్ని చుట్లు పడతాయి, అవన్నీ విప్పుకున్నాకే పైకి లేవాలి. కొత్తవాళ్ళకి మరిది తనే చెప్పే మొదటి పాఠం. ఆ రాత చూశాక మనసు మనసులో లేదు. యంత్రానికున్న ఒక్క చేత్తో పెట్టెను పట్టి తిన్నగా పైకి లేపాడు.

ఫోన్ మోగింది. పైన కేబులు చుట్టే ముసలాయన. ఓడలో అందరికీ మావయ్యే.

"ఏంటల్లుడూ, కేబులుకి జడ వేస్తున్నావా? ఇక్కడ బిగుసుకుపోతోంది!"

గబగబా వెనక్కి తిప్పి చుట్లు విప్పాడు. అప్పటికే కేబులు రాతి పగులులో దిగబడింది.

"గట్టిగా లాగితే రాదా మావయ్యా?"

"లాగితే తెగుతుంది. అప్పుడు నువ్వే ఈదుకెళ్ళి తెచ్చుకోవాలి." ఆ గొంతులో ఎగతాళి పోయింది. "ప్రవాహం పెరుగుతోందిరా. తొందరగా తేల్చండి."

కేబులును యంత్రం చేత్తో పైకెత్తితే వచ్చేస్తుంది. కానీ చెయ్యి ఖాళీ లేదు. పెట్టెను దింపుదామంటే ప్రవాహం యంత్రాన్ని పక్కకి నెట్టేసింది, ఇప్పుడు కింద నిటారు వాలు. దాని అడుగున యంత్రం దిగలేనంత లోయ.

"తప్పు నాదే వదినా. చుట్లు మరిచిపోయాను."

"చూపించమన్నది నేనేగా." ఆమె కొంగు వదిలి తెర వైపు వంగింది. "యంత్రం పోతే దీన్ని నమ్ముకున్న వాళ్ళందరి పనీ పోతుంది. పెట్టెను వదిలెయ్."

అతని వేళ్ళు కదల్లేదు. "నావల్ల కాదు వదినా."

"నీవల్లే కావాలి. నాకు నడపడం రాదు."

వదిలేశాడు. పెట్టె పొగలా బురద లేపుతూ వాలు మీద జారింది.

"దీపం దానిమీదే ఉంచు అబ్బాయ్," అంది వదిన.

కనబడినంతసేపూ ఉంచాడు. తర్వాత యంత్రం చెయ్యి చాపి, పగులులోంచి కేబులును నెమ్మదిగా ఎత్తాడు.

"వస్తోంది, వస్తోంది!" అన్నాడు మావయ్య ఫోన్లో.

మరిదికి తెర మసకబారింది. కళ్ళు తుడుచుకోబోతూ వదిన వైపు తిరిగాడు.

"ముందు చూడు," అందామె. "యంత్రం ఇంకా పైకి రాలేదు."