ఆదివారం కాలేజీ

పెనుకొండ హైస్కూల్లో మాకు ఆదివారం వస్తే కాలేజీ! నిజం కాలేజీ కాదులెండి, ఆదినారాయణ సార్ పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. ఎస్సెస్సెల్సీ దాకా అన్నీ తెలుగులో చదివి అనంతపురంలో పి.యు.సి.కి పోతే అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. మా పెదనాయన కొడుకు నరసింహులు అట్లాగే చేరి, ఒక్క ముక్క అర్థం కాక, దసరాకు పెట్టె నెత్తిన పెట్టుకొని తిరిగొచ్చేశాడు. ఆ గతి మాకు పట్టకూడదని సార్ ఆదివారం పూట గంటసేపు ఇంగ్లీషులో గడగడా చెప్పేవారు. తెలుగు మాట దొర్లితే బెంచీ ఎక్కాలి. మమ్మల్ని మిస్టర్ జయరాముడూ, మిస్ నాగేంద్రమ్మా అని పిలుస్తుంటే నవ్వు ఆగేది కాదు. నవ్వినా బెంచీ ఎక్కించేవారు. కొన్ని ఆదివారాలు క్లాసు క్లాసంతా బెంచీల మీదే ఉండేది.

ఆ మిస్ నాగేంద్రమ్మను నేనే. నాకు కాలేజీ పిచ్చి. మా నాయన లక్ష్మన్నేమో, "నర్సింహులు మాదిరి నువ్వూ తిరిగొస్తే ఊర్లో తలెత్తుకోలేను. నీకు అర్థమైతాండాదని నా కండ్లతో చూస్తేనే పంపుతా" అని తెగేసి చెప్పాడు. అన్నంత పనీ చేశాడు. ఒక ఆదివారం చేనులోనుంచి నేరుగా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

సార్ రైతును మెప్పిద్దామనుకున్నారు పాపం. వేరుశనగ పైన పూసి కింద ఎందుకు కాస్తుందో ఇంగ్లీషులో దంచేశారు. సార్ చెప్పమంటే నేను లేచి నాయన కోసం మొత్తం తెలుగులో అప్పజెప్పాను. పువ్వు వాడాక ఊడ దిగడం, అది మట్టిలో దూరి కాయ కావడం, ఏదీ వదల్లేదు. నా అంత తెలివైనది జిల్లాలో లేదనుకున్నాను.

నాయన మొహం చిట్లించాడు.

"ఇది నాకు తెలీదా? గంట కొట్టే మారెప్పకు తెలీదా? ఏమబ్బా మారెప్పా, శెనిక్కాయ ఎట్ల కాస్తాదో చెప్పు!"

వాకిట్లో నిలబడ్డ మారెప్ప ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. సార్ చెప్పని కలుపు సంగతి కూడా కలిపాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఈ సార్‌కు వేరే పాఠమే దొరకలేదా!

"చూస్తిరా సార్? వానికి ఏబీసీడీ రాదు. మాకు ఎవురికీ తెలీంది చెప్పండి, అప్పుడు చూస్తా" అన్నాడు నాయన.

సార్ బుర్ర గోక్కుని, సముద్రం గురించి ఇంగ్లీషులో ఎత్తుకున్నారు. మా క్లాసులో సముద్రం చూసిన మొహం ఒక్కటీ లేదు. నేను రెప్ప కొట్టకుండా విన్నాను. పాఠం అయిపోగానే నాయన, పంచాయతీలో సాక్షుల్ని విడివిడిగా అడిగినట్టు, జయరాముణ్ణి బయటికి పంపి ముందు నన్ను అడిగాడు.

"చంద్రుడు సముద్రాన్ని లాగుతాడంట నాయనా. అందుకే నీళ్ళు గట్టు మీదికి పొంగొస్తాయంట, మళ్ళా వెనక్కి పోతాయంట."

"యాడ చంద్రుడు, యాడ నీళ్ళు! నాకే కతలు చెప్తాండావా?"

జయరాముణ్ణి పిలిచాడు. వాడు నసుగుతూ నసుగుతూ, సరిగ్గా నేను చెప్పిందే చెప్పాడు. వాడి నోట్లో చక్కెర పొయ్యాలి! గెలిచానే అని నేను ఎగరబోతుండగా నాయన మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అట్లయితే మన బాయిలో నీళ్ళు ఎందుకు లాగడు? ఎండాకాలం అడుక్కు పోతాయే, రవ్వంత పైకి లాగితే ఆయప్ప సొమ్మేం పోతాది?"

అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఏదో ఒకటి అల్లి చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

"తెలీదు నాయనా."

అయిపోయింది, నా కాలేజీ మట్టి కొట్టుకుపోయింది అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సార్ జవాబు చెప్పబోయి, నన్ను చూసి ఆగిపోయారు.

"అది కాలేజీలో చెప్తారు లక్ష్మన్నా" అన్నారు మెల్లగా.

నాయన ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"అట్లయితే పో. పోయి ఆ సంగతి కనుక్కోనే రా. తెలుసుకోకుండా మధ్యలో తిరిగొస్తివా, బాయి కాడికి గూడా రానియ్యను."