రెక్క మీద మెరుపు పోయింది

విమాన సిబ్బందిలో చిన్నవాళ్లంతా నన్ను పెద్దక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా జనం బెల్టులు సరిచూస్తున్నదాన్ని, ఆ మాత్రం గౌరవం దక్కాలి. మా కెప్టెన్‌కు మాత్రం నేనంటే ఒళ్లుమంట. విమానం రన్‌వే వైపు కదిలాక ప్రాణాల మీదకొస్తే తప్ప కాక్‌పిట్‌కు ఫోన్ చేయకూడదు. పోయిన నెల నేను సామాన్లు పెట్టే అర గొళ్లెం ఊడిందని చేశాను. ఆయన ఫిర్యాదు రాశాడు. ఇంకోసారి అనవసరంగా ఫోన్ చేస్తే ఇంటికే అని ఆఫీసువాళ్లు నాచేత సంతకం పెట్టించుకున్నారు.

ఆ ఉదయం మంచు కురుస్తోంది. అది పేరుకోకుండా రెక్కల మీద ఆకుపచ్చ ద్రవం చల్లారు. దాని బలం కాసేపే, ఆలోపు ఎగరాలి. మా ముందు వరుసలో ఎనిమిది విమానాలున్నాయి.

మా వంతు దగ్గరపడుతుండగా పన్నెండో వరుస కిటికీలోంచి చూశాను. రెక్క మీద తడి మెరుపు లేదు. పడ్డ మంచు కరగకుండా అలాగే కూర్చుంటోంది.

"టైం లెక్క పైలట్ల దగ్గరుంటుంది కదక్కా. నీకెందుకొచ్చిన గొడవ?" అంది నాతో పనిచేసే చిన్నది.

గరుకుదేలిన రెక్క విమానాన్ని లేపదని మాకు నేర్పింది పైలట్లే. లోపల తొంభై మంది ఉన్నారు. భయపడుతూనే ఫోన్ తీశాను.

"ఎడమ రెక్క మీద మంచు నిలుస్తోందండి."

"లెక్క ప్రకారం ఇంకా పదకొండు నిమిషాలుంది" అన్నాడు కెప్టెన్.

"లెక్క నాకు తెలీదండి. కంటితో చూసింది చెప్తున్నా. ఎవరన్నా వచ్చి చూడండి. నాది తప్పైతే ఉద్యోగం నేనే వదిలేస్తా."

కో-పైలట్ వచ్చి కిటికీ దగ్గర వంగాడు. మొహం పాలిపోయింది. వెంటనే కాక్‌పిట్‌లోకి పరిగెత్తాడు. విమానం వరుసలోంచి పక్కకు తప్పుకుంది.

"మీవల్ల నా మీటింగ్ పోయింది" అని ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు.

"తిట్టండి సార్, తీరిగ్గా వింటా" అన్నాను.

మళ్లీ ద్రవం చల్లుతుండగా మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. "నేను పలచటి మంచుకు లెక్క కట్టాను. మధ్యలో మంచు జోరందుకుంది, గమనించలేదు. మా పెద్దక్క చెప్పకపోతే అలాగే బయల్దేరేవాణ్ణి."

తిట్టినాయన కాళ్లు దగ్గరకు లాక్కుని నాకు దారిచ్చాడు.

ఈసారి మబ్బులు దాటి ఎండలోకి వచ్చేశాం. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

దిగాక, జనమంతా వెళ్లిపోయాక కెప్టెన్ నా దగ్గరకొచ్చాడు.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా."

"వద్దండి, ఉండనివ్వండి. దానికి జతగా ఇవాళ జరిగింది కూడా రాయండి."

ఆయన మొదటి వరుసలో కూర్చుని తన చేత్తోనే రాశాడు. ప్రయాణికులు తొంభై, సిబ్బంది నలుగురు, అందరూ క్షేమం. నేను నిలబడి రెండుసార్లు చదువుకున్నాను.