కౌంటరు మీద పాత గొంతు

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆమెది. అందుకే స్నేహితులంతా ఆమెను అనౌన్సరు అనే పిలిచేవారు. ఆదివారాలు మాత్రం ఆమె పాటలు పాడేది. టైర్ల షాపులో పనిచేసే తమ్ముడు డ్రమ్స్ వాయించేవాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే స్నేహితుడిది గిటారు, అతన్ని అందరూ ‘భూతద్దం’ అనేవారు. బడిలో లెక్కలు చెప్పే మాస్టారిది బేస్ గిటారు. నలుగురూ ఒకే వీధిలో ఆడుకుని పెరిగినవాళ్ళు. టైలరు షాపు మీద, మూడో అంతస్తులో ఉండేది వాళ్ళ ప్రాక్టీసు గది. డ్రమ్స్ మోయలేక నడుములు పడిపోయి, ఆ ఉక్రోషంలో బ్యాండుకు ‘లిఫ్ట్ లేదు’ అని పేరు పెట్టుకున్నారు.

పాటలన్నీ సొంతంగా కట్టుకున్నవే. వాటిలో ‘గాలీ, ఆగు’ అన్నది ఊళ్ళో చాలామందికి నోటికి వచ్చేసింది. రెండో చరణం చివర ‘ఆగు’ అన్నచోట ఆమె గొంతు ఎక్కడా తడబడకుండా అలా పైపైకి వెళ్ళిపోయేది. కింద టైలరు ఆ కాసేపూ మిషను తొక్కడం ఆపేవాడు.

ఆమెకు ముప్పయ్యో ఏడు నిండేలోపు మెడలో గడ్డ ఒకటి బయటపడింది. “తియ్యకపోతే ప్రమాదం. తీస్తే గొంతు మారినా మారొచ్చు,” అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆపరేషను జరిగింది. మనిషి దక్కింది. మూడు నెలలు గుసగుస తప్ప మాట రాలేదు. తర్వాత వచ్చిన గొంతు బొంగురుగా, మందంగా, ఎవరో పెద్దావిడ మాట్లాడినట్టు ఉంది. పై స్వరాలు ఒక్కటీ తిరిగి రాలేదు.

ఉద్యోగం మాత్రం పోలేదు. బస్టాండులోనే పాసుల కౌంటరులో కూర్చోబెట్టారు. అంతకు ముందు ఏడాదే ప్రకటనలన్నీ ఆమె చేత రికార్డు చేయించి ఉంచారు. ఇప్పుడు వాటినే వేస్తున్నారు. స్పీకరు సరిగ్గా ఆమె నెత్తిమీదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన పాత గొంతు వింటూనే పాసుల మీద స్టాంపులు గుద్దేది.

ఒకరోజు ఓ ముసలమ్మ పాసు తీసుకుంటూ పైకి చూసి, “ఆ మైకులో పిల్ల చూడమ్మా, ఎంత ముద్దుగా చెబుతుందో. నువ్వూ కాస్త అలా మాట్లాడితే నీ సొమ్మేం పోయింది?” అంది.

ఆ సంగతి ఇంట్లో భోజనాల దగ్గర తమ్ముడికి జోకులా చెప్పింది. వాడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“నవ్వరా, నవ్వొచ్చే విషయమే,” అంది.

“నాకు రావట్లేదక్కా,” అన్నాడు వాడు.

ప్రాక్టీసుకు వెళ్ళడం మానేసింది. ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం భూతద్దం కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ సైకిలు మీద తిరిగే మనిషి బస్సు పాసుకు దరఖాస్తు నింపి ఇచ్చాడు.

“నీకు పాసెందుకు?” అంది.

“లైన్లో నిలబడితే గానీ నువ్వు కనబడవుగా. ఆదివారం రా.”

“వచ్చి కప్పలా బెకబెకమనాలా? వేరే అమ్మాయిని చూసుకోండి.”

“చూశాం. మాస్టారి దగ్గర ఒకప్పుడు చదువుకున్న పిల్ల. బాగానే పాడింది.”

“మరింకేం?”

“బాగానే పాడింది. అంతే.”

వెనకాల ఎవరో విసుక్కున్నారు. అతను కదల్లేదు. “సరే, వస్తా. ముందు పక్కకు జరుగు,” అంది.

ఆదివారం మెట్లెక్కింది. ఆమె కోసం ‘గాలీ, ఆగు’ శ్రుతిని బాగా కిందికి దించి పెట్టారు. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణంలో గొంతు జీరపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అక్కడే.

“ఇంకొంచెం దించుదాం,” అన్నాడు మాస్టారు.

“వద్దు. అది పైన ఉండాల్సిన పాట. కిందికి లాగి దాన్ని కుంటిదాన్ని చెయ్యొద్దు. ఆ పిల్లను పిలిపించండి, నేను నేర్పిస్తా.”

ఆరు ఆదివారాలు నేర్పింది. పాడి చూపించలేదు, స్వరం ఎలా ఎక్కాలో చేత్తో గాల్లో గీసి చూపించేది. పిల్ల చురుకైనదే. దాని గొంతు మొదటిసారి ‘ఆగు’ను అందుకున్న రోజు, అనౌన్సరు “శభాష్” అని కిటికీ వైపు తిరిగి చాలాసేపు వీధిలోకి చూస్తూ నిలబడింది.

కాలేజీ మైదానంలో సాయంత్రం కచేరీ. పిల్ల పాడుతుంటే ఆమె వేదిక పక్కన నిలబడి వింది. ‘ఆగు’ అన్న మాట దగ్గరపడుతున్నకొద్దీ ఆమె ఛాతీ తనంతట తానే ఊపిరితో నిండింది. ఇన్నేళ్ళ అలవాటు. పిల్ల గొంతు పైకి లేచింది. జనం ఈలలు వేశారు. ఆమె ఆ ఊపిరిని మెల్లగా, చప్పుడు లేకుండా వదిలేసింది.

తర్వాత తన కొత్త గొంతుకు తగ్గట్టు కట్టుకున్న పాట ఒకటి పాడింది. దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది. సగంమంది కబుర్లలో పడ్డారు. ముందు వరుసలో కొందరు మాత్రం కదలకుండా విన్నారు.

అంతా అయిపోయాక తమ్ముడూ మాస్టారూ డ్రమ్స్ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఆమె, భూతద్దం నేలమీద కూర్చుని వైర్లు చుడుతున్నారు.

“బాగుంది నీ పాట,” అన్నాడు.

“అబద్ధం.”

“లేదు, నిజంగానే బాగుంది.”

ఆమె వైరు చుడుతూ చుడుతూ ఆగింది. “నాకు నా పాత గొంతే కావాలి,” అంది.

ఈ మాట ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అతను ఏదో సర్దిచెప్పబోయి మానుకున్నాడు.

“నాక్కూడా,” అన్నాడు.