పదకొండు ఫ్రేముల ముందు

ఒక చేత్తో జిరాక్స్ మిషన్ మూత ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో లోపల ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగుతోంది చిన్నది. అది సగం వచ్చి ఆగింది. ఇంకాస్త లాగింది. పర్రుమని చిరిగింది. ఆ చప్పుడు పూర్తయ్యేలోపు వెనకనుంచి అన్న అరచెయ్యి మెడ మీద పడింది. నుదురు వెళ్ళి మూత అంచుకు కొట్టుకుంది.

కౌంటరు ముందు ముగ్గురు మనుషులున్నారు. ముగ్గురూ గోడ మీది ధరల పట్టికను పరీక్షకు చదువుతున్నంత శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. ఒక్కవైపు రెండు రూపాయలు, రెండువైపులా మూడు. అంతకు మించి అందులో చదవడానికేమీ లేదు.

ఇరవై ఏడేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె చిన్నదే. షాపు ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక కర్టెన్. నాన్న పోయాక షాపు అన్న పేరుకు మారింది, షాపుతో పాటు చిన్నది కూడా మారినట్టుంది. పొద్దున జిరాక్సులు, సాయంత్రం పాస్‌పోర్టు ఫోటోలు. ఎవరి మొహం మీది మొటిమలైనా మచ్చలైనా మౌసుతో తుడిచేస్తుంది. ఆరేళ్ళుగా ఊళ్ళో సగంమంది మొహాలు ఆమె చేతిలో శుభ్రపడ్డాయి. ఆమె మొహానికి మాత్రం అన్న ఎప్పటికప్పుడు కొత్త రంగులు వేస్తుంటాడు. దెబ్బ మొదట ఎర్రగా ఉంటుంది, తర్వాత నీలం, నాలుగో రోజుకు అంచున ఆకుపచ్చ, పోయేముందు పసుపు. ఆమెకు ఇది ఎవరూ నేర్పలేదు.

అన్న పద్ధతి గల మనిషి. చిన్న దెబ్బలకు షటరు అక్కర్లేదు. పెద్దవాటికి మాత్రం సగం దించుతాడు. షటరు సగం దిగిందంటే టీకి వెళ్ళారనుకుని జనం వెనక్కి పోతారు.

కర్టెన్ వెనక అమ్మ లామినేషన్ మిషన్‌లో ఎవరివో సర్టిఫికెట్లు పెడుతోంది. చిన్నది నుదురు పట్టుకుని లోపలికి రాగానే తడిగుడ్డ అందించింది.

"వాడి చేతికి అందేలా ఎందుకు నిలబడతావే?"

అమ్మ దగ్గర ఉన్న సలహా అదొక్కటే. పదిహేనేళ్ళుగా అదే ఇస్తోంది. చిన్నది గుడ్డ మడిచి నుదుటి మీద పెట్టుకుంది, పెన్‌డ్రైవ్ జేబులో ఉందో లేదో తడిమి చూసుకుంది, తొమ్మిదిన్నర బస్సెక్కింది.

టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో యానిమేషన్ నేర్పే ఇన్‌స్టిట్యూట్. పెళ్ళి ఆల్బమ్‌లలో బొమ్మలు ఆడించవచ్చన్న ఆశతో అన్నే ఆమెను చేర్పించాడు. పద్నాలుగు కంప్యూటర్లు, వాటి ముందు పద్నాలుగుమంది. చిన్నది తప్ప అందరూ ఇరవై దాటని కుర్రాళ్ళు. ఆ గదిలో రోజుకు రెండు వందల హత్యలైనా జరుగుతాయి. ఒక తెర మీద కత్తివీరుడు తల నరుకుతాడు, పక్క తెర మీద రాక్షసుడు మనిషిని నడుం దగ్గర రెండుగా చీలుస్తాడు. చంపుతున్నవాళ్ళు చిప్స్ తింటూ, చెవుల్లో పాటలు వింటూ చంపుతారు. ఒక్కడు కూడా జీవితంలో చెంపదెబ్బ సరిగ్గా తిని ఉండడు. తిన్నవాళ్ళెవరూ మెడను అలా తిప్పరు.

ఆఖరి పరీక్షగా సారు ఇచ్చింది ఎనిమిది సెకన్ల షాటు. ఇద్దరు మనుషులు, ఒక దెబ్బ. బొమ్మల ఒళ్ళు తామే చెక్కాలి, లోపల ఎముకలు తామే అమర్చాలి, ఆ ఎముకలు పట్టుకుని తామే కదిలించాలి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ఒక్కొక్కటీ ఒక ఫ్రేము. ఈ రోజు రెండింటికి స్టూడియో నడిపే మేడమ్ పక్క ఊరినుంచి వచ్చి చూస్తుంది. పద్నాలుగుమందిలో ఇద్దరిని తీసుకుంటుంది. ఉద్యోగం, ఉండటానికి హాస్టలు గది. చిన్నదానికి ఆ గది కావాలి. దానికి లోపలినుంచి గడియ ఉంటుందని అడిగి తెలుసుకుంది కూడా.

నిన్న సారు ఆమె షాటు చూశాడు. ఆయనకు పెన్నుతో బల్ల మీద కొడుతూ ఫ్రేములు లెక్కపెట్టే అలవాటు. ఉన్నట్టుండి పెన్ను ఆపాడు.

"వాడి చెయ్యి లేచింది నలభైలో. ఈ పిల్ల కళ్ళు మూసింది ఇరవై తొమ్మిదిలో. పదకొండు ఫ్రేములు ముందే ఎలా తెలిసిందమ్మా? జోస్యం చెబుతుందా?"

గదంతా ఘొల్లుమంది. చిన్నది కూడా నవ్వింది. కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఆమెకు అప్పుడు అర్థమైంది. సరిచేసుకురాకపోతే షాటు మేడమ్‌కు చూపించనని సారు చెప్పేశాడు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. కళ్ళు, మెడ, భుజం కలిపి పదకొండు ఫ్రేములు తర్వాతికి జరిపితే చాలు. పది దాటి పది నిమిషాలకు ఆ పని చేసేసింది. చూసుకుంది. ముందు చెయ్యి లేచింది, తర్వాత కళ్ళు మూసుకున్నాయి, దెబ్బ పడింది. అంతా రూలు ప్రకారమే ఉంది. కాని తెర మీది ఆ పిల్ల ఎవరో దారినపోయే మనిషి. పొరపాటున తగిలితే బిత్తరపోయి చూస్తోంది. ఆ పిల్ల ఇంతకుముందు ఎన్నడూ దెబ్బ తినలేదు.

చిన్నదానికి ఆ పిల్లను చూస్తే అసూయ కలిగింది. జరిపినవన్నీ మళ్ళీ యథాస్థానంలో పెట్టింది.

ఫోను తీసి ఆ వీడియో తెరిచింది. మూడు వారాలుగా దాన్ని చూసే ఆమె ఈ షాటు చేస్తోంది. బొమ్మను కదిలించే ముందు ఎవరికి వాళ్ళు నటించి వీడియో తీసుకోవాలని సారు నియమం. ఆ రోజు చిన్నది షాపులో ఫోనును కింది అరలో కాగితాల కట్టకు ఆనించి, లేని చెయ్యి తగిలినట్టు మొహం తిప్పడం సాధన చేస్తోంది. ఎవరో రంగు జిరాక్సు కోసం వచ్చి వెళ్ళిపోయారట, ఆమె చూడలేదట. అన్న షటరు సగం దించాడు. ఫోను ఎవరూ ఆపలేదు. పదిహేడు సెకన్లు. ఎవరు నటించారని క్లాసులో అడిగితే, మా బంధువులబ్బాయి, బాగా చేస్తాడు అని చెప్పింది.

ఈసారి చేతిని చూడలేదు. కళ్ళు మూసుకున్న ఫ్రేము దగ్గర ఆపి, అక్కణ్ణుంచి ఒక్కొక్క ఫ్రేమే వెనక్కి నడిచింది. తన మొహం కిందికి వంగి ఉంది. అన్న ముందు ఆమె ఎప్పుడూ తలవంచే నిలబడుతుంది. మరి తలవంచిన మనిషి ఏం చూస్తుంది? నేలను చూస్తుంది. చిన్నది నేలను చూసింది.

ఫ్రేము అడుగున, మూలగా, అన్న కుడి పాదం. మడమ లేచి ఉంది. వేళ్ళు నేలను కరుచుకున్నాయి. ఇంకో ఫ్రేము వెనక్కి వెళ్తే మడమ నేలకు ఆనుకునే ఉంది. చెయ్యి ఇంకా ప్యాంటు పక్కన వేలాడుతోంది, మొహంలో ఏ కదలికా లేదు, మడమ మాత్రం, షాటు లెక్క ప్రకారం, ఇరవై ఆరో ఫ్రేములోనే దెబ్బకు బయల్దేరింది. మూడు ఫ్రేముల తర్వాత ఆమె కళ్ళు మూసుకున్నాయి.

చిన్నదానికి ఒళ్ళు మండిపోయింది. భయం కాదు, కోపమే. గాలి కదిలితే ముడుచుకుపోయే పిరికిదని ఇంట్లో అందరూ అంటారు, తనూ అదే అనుకుంది. కాదు. పదిహేనేళ్ళుగా ఆమె కళ్ళు పని చేస్తూనే ఉన్నాయి. ఆ మడమను చదువుతూనే ఉన్నాయి. ఆమెకే చెప్పలేదు.

కొట్టేవాడి బొమ్మకు మొదట్లో బూట్లు తొడిగింది. ఇప్పుడు బూట్లు పీకేసి పాదం చెక్కింది. వెడల్పు పాదం, బొటనవేలి గోరు కాస్త విరిగి. ఇరవై ఆరులో మడమ ఎత్తింది. బరువు వేళ్ళ మీదికి, అక్కణ్ణుంచి మోకాలికి, తుంటికి, వెన్నుకు, భుజానికి ఎక్కించింది. చెయ్యి అన్నిటికన్నా చివర లేచింది. కెమెరాను కొంచెం కిందికి దించింది. రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు.

సారు చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈ మడమ ఎక్కడ దొరికింది?"

"నేల చూస్తుంటే కనపడింది సార్."

సారు ఆమె నుదుటి మీద వాపును అప్పుడు చూశాడు. నిన్న నవ్వించినందుకు ఏదో అనాలనుకున్నాడేమో, ఏసీ చల్లగా లేదంటూ రిమోటు వెతుక్కుంటూ వెళ్ళాడు.

మేడమ్ తెల్లజుట్టు మనిషి, పొదుపుగా మాట్లాడుతుంది. పద్నాలుగు షాట్లూ చూసి కత్తివీరుణ్ణి చేసిన కుర్రాడి వైపు, చిన్నదాని వైపు వేలు చూపించింది. పని పేరుకుపోయిందట, రేపు పొద్దున్నే మొదలుపెట్టాలట. సాయంత్రం ఏడింటికి ఇక్కణ్ణుంచే తన వ్యాను బయల్దేరుతుందని, రాగలరా అని అడగబోయింది. ప్రశ్న పూర్తి కాకముందే చిన్నది వస్తానంది.

ఐదింటికి ఇల్లు చేరింది. చెప్పకుండా పోవచ్చు. దొంగలా పోవడం ఆమెకు ఇష్టం లేదు. అమ్మకు చెప్పి, నాలుగు జతల బట్టలు సంచీలో పెట్టుకుంది. పెండింగు ఫోటోలు ఉంటే అన్న తిట్టుకుంటాడని కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటీ పూర్తి చేసింది. చివరిది ఒక పింఛను పెద్దాయనది. మొహమంతా అమ్మవారు పోసిన గుంటలు. ఒక బుగ్గ అయ్యేసరికి అన్న వచ్చాడు. లేచి నిలబడి, ఉద్యోగం వచ్చిందని, ఇప్పుడే వెళ్తున్నానని చెప్పింది.

అన్న బయట అరుగు మీద కూర్చున్న కుక్కను అదిలించి, షటరు సగం దించాడు.

"కౌంటరు ఎవడు చూస్తాడే?"

అప్పటికే గుమ్మం దాకా వచ్చిన చిన్నది షటరు జారే ఇనప పట్టీ పక్కన గోడకు ఆనుకుని ఉంది. తల వంచుకునే ఉంది. అన్న పాదాలు రెండూ కనబడుతున్నాయి. కుడి మడమ లేచింది. కళ్ళు మూసుకోబోయాయి. మూసుకోవద్దని వాటికి చెప్పింది. ఎడమ పక్కకు ఒక్క అడుగు వేసింది.

అంత బలంతో వచ్చిన చెయ్యి ఇనప పట్టీ అంచుకు తగిలింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అన్న మోకాళ్ళ మీద పడ్డాడు. మణికట్టు దగ్గర చెయ్యి, ఎముక తప్పుగా అమర్చిన బొమ్మ చెయ్యిలా, వంగకూడని వైపుకు వంగి ఉంది. చీరుకున్న చర్మంలోంచి రక్తం జిరాక్స్ కాగితాల మీద కారుతోంది. గొంతులోంచి వచ్చింది అరుపో ఏడుపో తెలియలేదు.

చిన్నది ఆ చేతినే చూస్తూ నిలబడిపోయింది. అది పొరపాటు. అన్న ఎడమ చేత్తో కౌంటరు మీది స్టేప్లరు అందుకుని విసిరాడు. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి దిగింది. ఆ ఎడమ చేతి సంగతి ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు.

కర్టెన్ తోసుకుని అమ్మ వచ్చింది.

"అమ్మా, కొట్టిందే ఇది నన్ను."

నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి, నిజంగానే అలా నమ్మి, పసిపిల్లాడిలా వెక్కుతూ చెప్పాడు. అమ్మ నేల మీద కూలబడి కొడుకు చేతిని ఒళ్ళోకి తీసుకుంది. కూతురి కంటి మీద రక్తం చూసింది. చూసి కూడా అడిగింది.

"పక్కకెందుకు జరిగావే?"

చిన్నదానికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగి, చున్నీ కొనతో కన్ను తుడుచుకుని, సంచీ భుజానికి తగిలించుకుంది. అమ్మ తన కొంగు చింపి మణికట్టుకు చుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఎన్నింటికి వ్యాను?"

"ఏడింటికమ్మా."

"ఆరున్నరవుతోంది."

అమ్మ చుట్టడం ఆపలేదు. చిన్నది సగం దించిన షటరు కింద నుంచి వంగి, బయటికి వచ్చి, నిటారుగా నిలబడింది. కాసేపటికి అమ్మ ఆటో పిలవడానికి అదే షటరు కింద నుంచి వచ్చేసరికి వీధిలో కుక్క ఒక్కటే ఉంది.

మర్నాడు పదింటికి పింఛను పెద్దాయన ఫోటోల కోసం వచ్చాడు. అన్న మోచేతి దాకా కట్టుతో కౌంటరు వెనక కూర్చున్నాడు. ఎడమ చేత్తో మౌసు కదిలిస్తే బాణం తెరంతా తిరిగి ఎక్కడో ఆగుతోంది. రాత్రంతా ఎవరూ ఆపని ఆ తెర మీద పెద్దాయన మొహం, ఒక బుగ్గ నున్నగా, రెండో బుగ్గ గుంటలన్నీ ఉన్నవి ఉన్నట్టుగా.