ఆరని మాట

ఐర్లండ్‌లోని టాలట్‌లో, దేవకుమారి ఇంటి ముందుగదిలో, సోఫా ఉండాల్సిన చోట అచ్చుయంత్రం ఉండేది. లాక్‌డౌన్ వచ్చి చర్చి హాలుకు తాళం పడ్డాక దాన్ని ఇంటికి చేర్చారు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని, స్నానం చేసి, ఇంత అన్నం తిని 'లిఫీ గట్టు' పేజీలు అచ్చువేయడం ఆమె దినచర్య. అక్కడి లిఫీ నది పేరు పెట్టుకున్న ఆ పత్రికలో ఐర్లండ్ తెలుగువాళ్ళ కబుర్లన్నీ ఉంటాయి. రాసేవాళ్ళకైనా మడతపెట్టేవాళ్ళకైనా అందులో దక్కేది కప్పు టీ, బుద్ధి పుడితే ఒక థాంక్సూ.

ఆ పత్రికలో అబద్ధం రాస్తే సిరా ఆరదు. మొదటి సంచిక నుంచీ అంతే. పండగ 'అంగరంగ వైభవంగా' జరిగిందని రాస్తే ఆ మాటలు తడితడిగా ఉండిపోయేవి. ఉత్త 'జరిగింది' అని దిద్దితే చిటికెలో ఆరేది. గోంగూర పచ్చడిలో ఎండుమిర్చి దగ్గర తడి కనబడితే, వంటల పేజీ గిరిజాకుమారికి ఫోన్ చేసి "నిజం చెప్పవే, ఎన్ని వేశావు?" అని అడగడమే. కొత్తగా చేరినవాళ్ళకి స్టేప్లర్ ఎక్కడుందో చెప్పినట్టే ఈ సంగతీ చెప్పేవాళ్ళు.

రెండువేల ఇరవై ఏప్రిల్ సంచికలో దేవమణి చావుకబురు వేయాల్సి వచ్చింది. దేవమణిది గుంటూరు వైపు. నేస్ ఊరు దాటాక ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌గా చేసేది. అక్కడ పైఅంతస్తులో కరోనా పాకితే ఆమెకు పైన డ్యూటీ వేశారు. మాస్కు అడిగితే స్టాక్ లేదన్నారు. జ్వరంతో ఇంటికొచ్చిన మనిషి మళ్ళీ లేవలేదు. శవపేటిక మూత కూడా తీయనివ్వలేదు. భర్త శౌరి కారులో కూర్చుని ఫోన్‌లో ప్రార్థన విన్నాడు.

సంతాపం రాసింది తెలుగు సంఘం అధ్యక్షుడు ప్రసన్న కుమార్. 'స్వచ్ఛందంగా కోవిడ్ రోగులకు సేవలందించి, ప్రభువునందు నిద్రించిన వీరవనిత' అని రాశాడు. పేజీ అచ్చయి బయటికొచ్చింది. మిగతావన్నీ ఆరాయి. 'స్వచ్ఛందంగా' ఆరలేదు. వెనకపేజీలో పత్రిక కార్యకర్తల పేర్ల పైనా అదే మాట ఉంది, అది ఎప్పుడో ఆరిపోయింది. దేవకుమారికి ఒళ్ళు మండిపోయింది.

చిన్నగదిలో అద్దెకుండే నిఖిల వచ్చి ఆ పేజీ చూసింది. వరంగల్ పిల్ల, ఎమ్మెస్సీ చదువుతూ అదే నర్సింగ్ హోంలో పార్ట్‌టైం చేస్తోంది.

"అక్కా, దేవమణి ఆంటీ తనంతట తనే పైకి పోయిందని అందరికీ చెప్తున్నడు మా మేనేజర్. సోమవారం మీటింగ్ పెడ్తడంట. ఆంటీ లెక్క ఎవరు వాలంటీర్ అయితరో చేతులెత్తమంటడంట. ఎత్తకపోతే షిఫ్టులు ఇయ్యడు."

"మాస్కులో?"

"లేవంటున్నడు."

"ఎత్తుతావా?"

నిఖిల నేల చూపులు చూసింది. "ఎత్తకపోతే ఎట్లక్కా? ఆంటీ అంత ధైర్యం జేసింది, నువ్వు చేయవా అంటడు."

మర్నాడు పేజీ ఎలా వచ్చిందో చూద్దామని వచ్చిన ప్రసన్న కుమార్ గేటు బయటే నిలబడ్డాడు.

"ఆ మాట తీసేస్తున్నానండీ," అంది దేవకుమారి. "'పంపితే వెళ్ళింది' అని వేస్తాను."

"అయ్యయ్యో, వద్దు సిస్టర్! అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ వర్క్ పర్మిట్లు ఆలోచించండి. మేనేజరే మెసేజ్ పెట్టాడు, షీ వాలంటీర్డ్ అని. నేను తెలుగులో రాశానంతే. మంచి మాటేగా?"

"మంచి మాటా? మాస్కివ్వకుండా చావుకి పంపి, తనే పోయిందనడం మంచి మాటా? శౌరి అన్నయ్య ఎదురుగా నిలబడి అనండి చూద్దాం!"

"కోప్పడకండి. కాస్త హెయిర్ డ్రయర్ పెట్టి చూడండి, ఆరుతుందేమో."

చేతిలో బకెట్ నీళ్ళుంటే గేటు మీంచి కుమ్మరించేదే. మొన్న ఇదే మనిషి వీధిలో నిలబడి నర్సులకు చప్పట్లు కొట్టాడు, ఫోటో కూడా దిగాడు.

"సరే," అంది పళ్ళు బిగపట్టి. "ఒక్క అక్షరం మార్చను. మీరు రాసింది రాసినట్టే వేస్తాను."

"గ్రాండ్, గ్రాండ్," అని ఐరిష్ వాళ్ళలా మెచ్చుకుని అతను హాయిగా వెళ్ళిపోయాడు.

అన్నంతపనీ చేసింది. సంతాపం పేజీని అందరి కంటా పడేలా మొదట్లో పెట్టి, తడి తడిగానే కవర్లలో పెట్టి టాలట్ నుంచి లిమరిక్ దాకా పంపేసింది. విప్పిన ప్రతివాళ్ళ వేళ్ళకీ నలుపు అంటింది. సబ్బుకి పోలేదు, శానిటైజర్‌కీ పోలేదు. ఎందుకంటిందని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరికీ తెలుసు.

శౌరి ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, నేను చెబితే నమ్మేవాళ్ళు లేరనుకున్నానమ్మా," అన్నాడు.

సోమవారం సాయంత్రం నిఖిల పనినుంచి వచ్చి పెరటిగుమ్మం దగ్గర కూలబడింది. రెండు చెంపల మీదా మాస్కు తాడు గీతలు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కళ్ళు గూడ చెయ్యెత్తలేదక్కా. మనోళ్ళందరి వేళ్ళూ నల్లగున్నయి. మేనేజర్ మా చేతులే చూస్తున్నడు. మాతోని పనిచేసే దమయంతి ఆంటీ లేచి, మాస్కులిస్తే పోతం, లేకుంటే మేం వాలంటీర్లం కాము అనేసింది. ఆయన పోయి ఆఫీసుల ప్రెస్, అదే బీరువా, తాళం తీసిండు."

"తీసి?"

"పై అర నుంచి కింది అర దాకా మాస్కుల పెట్టెలేనక్కా. ఎప్పట్నుంచో ఉన్నయంట. అయిపోతయని దాచిండంట."

దేవకుమారి ఆ పిల్ల చెంపల మీది గీతల్ని వేలితో తడిమింది. ఈ పిల్ల బతుకుతుంది. ఆ బీరువా తలుపు తెరిస్తే దేవమణి కూడా బతికేది. తలుపు తెరవడం, అంతే. ఆమె లేచి పెరట్లోకి నడిచి, గొంతు చించుకుని అరిచింది.

పక్కింటి ఐరిష్ ముసలాయన కంగారుగా గోడ మీంచి తొంగిచూశాడు. "ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?"

ఈ దేశం వచ్చినప్పట్నుంచీ బాగున్నావా అని ఎవరడిగినా 'గ్రాండ్' అనడమే అలవాటైన దేవకుమారి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి "నో" అంది.