లోపల వదిలిన బట్ట

మిషనమ్మకు చలి మీద కోపం. అది మామూలు కోపం కాదు, పగ. ఈ ఉత్తరాది ఊళ్ళో రైలు దిగిన మొదటి క్షణంలోనే గాలి ముక్కుపుడకను పట్టుకుని గిల్లినట్టయింది. "ఇదేం ఊరురా, గాలికి కూడా గోళ్ళున్నాయి!" అని ఆవిడ ప్లాట్‌ఫారం మీదే కొడుకును దులిపేసింది. పాపం, ఆ చలిని అతనే దగ్గరుండి తయారు చేయించినట్టు!

కొడుకు బస్సులు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. ఇక్కడ పని దొరికిందని తల్లినీ, భార్యనీ, కూతురినీ, వాళ్ళతోపాటు తల్లి కుట్టుమిషనునూ మోసుకొచ్చాడు. కోడలు దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పనికి చేరింది. మనవరాలు బడిలో చేరి, నెల తిరక్కుండానే బ్యాండులో డప్పు వాయించే పిల్లయి కూర్చుంది. అందరికీ ఏదో ఒక పని దొరికింది, ఒక్క మిషనమ్మకు తప్ప.

పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కానీ కాపురానికి వచ్చింది మొదలు ఆవిడ కాలు మిషను మీంచి దిగలేదు. ఊరంతా మిషనమ్మ అన్నారు, ఆవిడా పలికింది. ఈ కొత్త ఊళ్ళో మాత్రం ఆ పేరుకు అర్థం లేకుండా పోయింది. ఇక్కడ బట్టలు కొట్టులో కొనుక్కోవడమే తప్ప కుట్టించుకోవడం ఎవరికీ పట్టదు. మేడమీది ఆ చిన్న ఇంట్లో, కిటికీ పక్కన మిషను బొమ్మలా నిలబడి ఉండేది. దాని పక్కనే, గోడకు బిగించిన వేడినీళ్ళ గొట్టానికి వీపు ఆనించి, కొడుకు పాత కోటు చీర మీద తొడుక్కుని, మిషనమ్మ దగ్గుతూ కూర్చునేది.

ఆ దగ్గు విని విని ఒకరోజు కొడుకు నోరు విప్పాడు.

"అమ్మా, చలి ఇంకా ముదురుతుందట. నువ్వు అక్క దగ్గరికి వెళ్ళి ఉండు. అక్కడ వెచ్చగా ఉంటుంది."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

అతను గోడ వైపు చూశాడు. "చూద్దాంలే. మిషను కూడా ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు కదా."

అక్క ఇంట్లో ఆవిడకు ఏ లోటూ ఉండదు. కానీ అక్కడ కూతురుంటుంది, ఈ మనవరాలుండదు. మిషను అసలే ఉండదు. మిషను లేని మిషనమ్మ ఏమవుతుందో ఆవిడకు తెలియలేదు, తెలుసుకోవాలనీ లేదు. పైకి మాత్రం "నన్నూ దాన్నీ ఒకేసారి వదిలించుకుంటావన్న మాట" అని ముఖం తిప్పుకుంది.

అప్పుడు రంగంలోకి దిగింది మనవరాలు. బ్యాండు పిల్లల కోట్లు పురుగులు కొట్టేశాయట. ఊరి ఆటల మైదానం తెరిచేరోజు బ్యాండే ముందు నడవాలట. "మా నానమ్మ కుడుతుంది" అని టీచరుకు మాటిచ్చేసి మరీ వచ్చింది ఆ గడుగ్గాయి.

మిషనమ్మ లేచి నిలబడింది. దగ్గు ఎటుపోయిందో! "ఒరేయ్, విను. కోట్లు బాగా కుదిరితే నేనూ నా మిషనూ ఇక్కడే. కుదరకపోతే నువ్వు ఎక్కించిన రైలు ఎక్కుతాను, నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉంటావా?" అన్నాడు కొడుకు. అయినా సరేనన్నాడు.

బ్యాండు టీచరు ముదురునీలం ఉన్నిబట్ట తానుగా తెచ్చిచ్చింది. మిషనమ్మ మెడలో టేపు వేసుకుని బడికి వెళ్ళింది. బడి లోపల వెచ్చగా ఉంది. పిల్లలు స్వెట్టర్లతో వరసలో నిలబడితే ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఇవన్నీ విప్పండి! కొలత అంటే ఒంటికి తీసుకోవాలి, ఉన్నికి కాదు."

జీవితమంతా ఎండల్లో కుట్టిన మనిషి. ఆవిడ ఎరిగిన కొలత అదొక్కటే. పిల్లలు నవ్వుకుంటూ స్వెట్టర్లు విప్పి కొక్కేలకు తగిలించారు. పలచని చొక్కాల మీద ఛాతీ, చెయ్యి, భుజం, చంక, అన్నీ తీరుబడిగా కొలుచుకుంది. టీచరు అప్పుడు పక్కగదిలో బూరలవాళ్ళతో కుస్తీ పడుతోంది. లేకుంటే ఈ కథ ఇక్కడే ముగిసేది.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. మిషను టకటకలాడింది, మంచం మీద కోట్లు, కుర్చీల మీద చేతులు, అన్నం గిన్నెలో దారప్పోగులు. కోడలు పనినుంచి వచ్చి, కుట్టిన ముక్క చేతిలోకి తీసుకుని ముక్కున వేలేసుకుంది.

"అత్తయ్యా, కుట్టు పక్కన ఇంత బట్ట లోపల దాచారేంటి? అసలే మందం. పిల్లలు మూటల్లా కనబడతారు."

"పిల్లలు ఈ ఏడు ఉన్నట్టే వచ్చే ఏడు ఉంటారా? పెరగరూ? కుట్టు విప్పి వదులు చేసుకోవద్దూ?"

"ఇక్కడ అలా ఎవరూ చేయరు అత్తయ్యా. పట్టకపోతే కొత్తది కొంటారు."

"నేను చేస్తాను," అంది మిషనమ్మ. పక్కలా, వెనకా, చేతుల కిందా, చెయ్యి అలవాటు కొద్దీ ఎప్పుడూ వదిలేటంత బట్ట వదిలే కుట్టింది.

మైదానం తెరవడానికి ముందురోజు పొద్దున్నే బడి ఆవరణలో కోట్లు తొడిగి చూశారు. గాలి కోసేస్తోంది. పిల్లలు వాళ్ళ అలవాటు ప్రకారం ఒకదాని మీద ఒకటి రెండేసి స్వెట్టర్లు వేసుకుని వచ్చారు. వాటి మీద కోటు ఎక్కదే! ఎక్కినా గుండీ ఖాజాను చేరదు. మనవరాలు డప్పు కొట్టబోయి చెయ్యి సగంలోనే ఆపేసింది. ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు.

"అయ్యో పెద్దమ్మా," అంది టీచరు మెల్లగా, "ఇక్కడ బయట స్వెట్టరు లేకుండా ఎవరూ నిలబడరండీ. పోనీలెండి, రేపటికి ఆ పాత కోట్లే వేయిస్తాను."

మిషనమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ స్వెట్టర్లు విప్పించింది తనే కదా! కోట్ల మూటలు మోసుకుని నానమ్మా మనవరాలూ ఇల్లు చేరారు.

ఆరోజు కొడుక్కీ కోడలికీ సెలవు. మూటలు చూడగానే విషయం అర్థమైంది. కొడుకు ఎగతాళి చేసినా బాగుండేది. "పోనీలే అమ్మా" అన్నాడు. ఆ పోనీలే ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. ఒక కోటు విసిరి కోడలి ఒళ్ళో పడేసింది.

"తీసుకెళ్ళి మీ లాండ్రీలో నేల తుడవండి. నాకు చేతనైంది ఇంతే. ఎప్పుడు రైలెక్కమంటాడో అడుగు మీ ఆయన్ని."

కోడలు ఆ కోటును తిరగేసింది. కుట్టు వెంట వేలు జరుపుతూ పోయి, ఠక్కున ఆగింది.

"అత్తయ్యా! లోపల బట్ట ఉంది కదా!"

మిషనమ్మ నోరెళ్ళబెట్టింది. ఏళ్ళ తరబడి ప్రతి కుట్టులోనూ వదిలిన బట్ట, అవసరమైన పూట తనకే గుర్తు రాలేదు! కోటు లాక్కుని చూసింది. పక్కల్లో ఉంది, వెనక ఉంది, చేతుల కింద ఉంది. రెండు స్వెట్టర్లకు సరిపడా ఉంది.

"ఏడుస్తూ కూర్చుంటే కుట్లు విడతాయిటే? బ్లేడు తే!" అని అరిచింది. ఏడుస్తున్నది తనే. కొంగు నడుముకు దోపింది.

పెద్ద బ్యాండేమీ కాదు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ విప్పడం కుట్టడం కంటే కష్టం. కొడుకు ఇంజన్లు విప్పిన వేళ్ళతో లైనింగు తెగకుండా కుట్లు విప్పాడు. మనవరాలు దారప్పోగులు ఏరింది, తన స్వెట్టర్లు రెండూ తొడుక్కుని కొలతకు నిలబడింది. మిగిలిన పిల్లలకు ఎంత వదలాలో ఆ కొలతతోనే అందాజు కట్టారు. మిషనమ్మ కొత్త కుట్టు వేసేది. పాత కుట్టు గీత మాత్రం బట్ట మీద మొండిగా కనబడేది. అప్పుడు కోడలు తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె అదిమిపెట్టేది. బుస్సుమని ఆవిరి లేచేది, గుడ్డ తీస్తే గీత మాయం.

"ఓసి నీ చెయ్యి బంగారంగానూ!" అంది మిషనమ్మ. అత్తగారి నోట ఆ మాట రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కోడలు ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోతే, "నిలబడ్డావేం, బట్ట కాలుతుంది!" అని ఆవిడే కసిరింది. వీధి దీపాలు వెలిగే వేళకి ఆఖరి కోటు కొక్కేనికి ఎక్కింది.

మర్నాడు మైదానం జనంతో నిండింది. బ్యాండు లోపలికి వచ్చింది. ప్రతి గుండీ దాని ఖాజాలో కుదురుగా ఉంది. ముదురునీలం కోట్లలో పిల్లలు తలెత్తి నడిచారు. అందరికంటే ముందు మనవరాలు రెండు చేతులూ తలకంటే ఎత్తి మరీ డప్పు మీద దెబ్బ వేసింది. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా పిగలలేదు. మిషనమ్మ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. చలికి కాదు. గర్వంతో, సంతోషంతో, దాచుకోవడం చేతకాక.

టీచరు పరుగున వచ్చి చేతులు పట్టేసుకుంది. "పెద్దమ్మా, ఏం మాయ చేశారండీ! పక్కబడి వాళ్ళు మీ ఇల్లు ఎక్కడని అడుగుతున్నారు."

అవతల జనంలో కొడుకు తన షెడ్డువాళ్ళకు గొంతు చించుకుని చెబుతున్నాడు. "మా అమ్మ! కోట్లన్నీ మా అమ్మే కుట్టింది!"

ఇంటిదారిలో ఆవిడ ఊరుకోలేదు. "ఏరా, రైలు ఎన్నింటికి?"

"ఏ రైలు?" అన్నాడు కొడుకు అమాయకంగా. "మంచం అటు జరిపితే మిషనుకు ఇంకా చోటొస్తుంది. అదే ఆలోచిస్తున్నా."

ఇల్లు చేరగానే కోడలు టేపు తీసుకుని ఎదురుగా నిలబడింది. తానులో ఇంకా బట్ట మిగిలింది. దాన్ని ఉంచుకోమని టీచరే చెప్పింది.

"ఆ పాత కోటు విప్పండి అత్తయ్యా. ఈ స్వెట్టరు తొడుక్కోండి. మీకు కొలత తీయాలి."

మిషనమ్మ చేతులు చాచి నిలబడింది. ఎందరికో కొలతలు తీసిన మనిషికి ఒకరు కొలత తీస్తుంటే చక్కిలిగిలి పుట్టింది.

"పక్కల్లో బట్ట బాగా వదులు."

"మీరింకా పెరుగుతారా అత్తయ్యా?"

"పెరుగుతాను, తరుగుతాను, నా ఇష్టం," అంది మిషనమ్మ. "ఈ చలిని ఇంకా చాలా ఏళ్ళు సతాయించాలి నేను. ఆ మాత్రం చోటు ఉండొద్దూ?"